పడటం రాని వస్తాదులు

టీవీ కుస్తీ పాడైపోయిందని మా బావ పడినంత దిగులు, రాజ్యాలు పోగొట్టుకున్న రాజులు కూడా పడి ఉండరు. రాజులకి మధ్యమధ్య వేట ఉంటుంది, విందు ఉంటుంది. మా బావకి ఆ విరామం లేదు. పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని మొదలుపెడితే, మళ్లీ దుప్పటి కప్పుకునేదాకా ఆయన దిగులు డ్యూటీలోనే ఉంటుంది.

ఇదే దిగులు ఏ లాయరుకో, ఏ గుమాస్తాకో ఉంటే లోకానికి నష్టం లేదు. వినేవాడు ఏదో పనుందని లేచి వెళ్లిపోతాడు. మా బావ పళ్ల డాక్టరు. ఆయన ముందున్న మనిషి కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, దవడలో దూది కుక్కించుకుని ఉంటాడు. భిన్నాభిప్రాయానికి అక్కడ చోటు లేదు.

"ఇప్పటి వస్తాదులకి పడటం రాదంటాను. అవునా, కాదా?" అంటాడు బావ, చిన్న అద్దం నోట్లోకి పోనిస్తూ.

"ఆ..." అంటాడు రోగి. తెరిచిన నోటితో పలకగలిగిన అక్షరం అదొక్కటే.

"చూశారా, మీరూ ఒప్పుకున్నారు," అని బావ సంతృప్తిగా పని మొదలుపెడతాడు. ఈ విధంగా మా ఊళ్లో పిప్పిపన్ను ఉన్న ప్రతి మనిషీ కుస్తీ విషయంలో మా బావతో ఏకీభవించాడు.

నాది పక్కనే మందుల షాపు. ఆయన క్లినిక్కుకీ నా షాపుకీ మధ్య ఒకే గోడ, అదీ పలచన. అందుచేత కుస్తీ చరిత్రలో నేను పట్టభద్రుణ్ణి. నా ఇష్టాయిష్టాలతో ఎవరికీ నిమిత్తం లేకుండా ఆ పట్టా వచ్చింది. పన్ను పీకించుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు నొప్పికి మాత్ర తీసుకుని, కాస్త తటపటాయించి, చెవులకి కూడా ఏమైనా ఉందా అని అడుగుతారు.

ఆ చరిత్ర సంగ్రహంగా ఇది. పూర్వం రెండు కుస్తీ కంపెనీలు ఉండేవి. రెండు ఛానళ్లలో, ఒకే రోజు, ఒకే వేళకి కుస్తీలు వేసేవి. ప్రజల చేతిలో రిమోటు ఉండేది. ఎక్కడ బోరు కొడితే అక్కణ్ణుంచి ప్రజలు లేచిపోయేవాళ్లు. ఆ భయంతో రెండు కంపెనీలూ ప్రాణం పెట్టి పనిచేసేవి. ఒకడు మనిషిని రింగులోంచి విసిరితే, రెండోవాడు రింగునే విసిరేవాడు. అది స్వర్ణయుగం. తర్వాత ఒక కంపెనీ రెండోదాన్ని కొనేసింది. ఈ ఘట్టం చెప్పేటప్పుడు బావ పట్టకారు కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తాడు. కుర్చీలో ఉన్నవాడు నోరు అలాగే తెరిచి ఉంచి సంతాపం పాటిస్తాడు.

"పోటీ పోయింది, దాంతో సరుకూ పోయింది," అంటాడు బావ తేరుకుని. ఇప్పుడు వస్తాదు వస్తాడు, మైకు పట్టుకుంటాడు, తన బాధలన్నీ చెప్పుకుంటాడు, ఒక గుద్దు గుద్దుతాడు, సబ్బు ప్రకటన వస్తుంది. సబ్బు అయ్యేసరికి కుస్తీ కూడా అయిపోతుంది. జనం చూడక ఎక్కడికి పోతారు? ఇంకో దుకాణం ఉంటే కదా.

మా అక్క పెళ్లైన కొత్తలో ఒకసారి ఏమీ తెలియక, "అదంతా నాటకమే కదండీ," అందట. బావ తింటున్న చెంచా కింద పెట్టాడు. ఆ ఇంట్లో చెంచా కింద పెట్టడమంటే మాటలు కాదు.

"నాటకమే. ఎవరు కాదన్నారు? కాబట్టే బాగా ఆడాలి. నిజం కొట్లాటైతే ఎలా కొట్టుకున్నా చెల్లిపోతుంది," అన్నాడు.

మా అక్క తెలివైన మనిషి. ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. బావ మాత్రం దించలేదు.

ఇందులో ఆయనకి అన్నిటికంటే ముఖ్యమైనది పడటం. గెలవడం ఆయన లెక్కలో విద్యే కాదు. ఎవరు గెలవాలో ముందే రాసి పెట్టి ఉంటుంది. గెలిచినవాడు చెయ్యి పైకెత్తితే చాలు, చెయ్యి ఉన్న ఎవడైనా ఎత్తగలడు. ఓడేవాడే పనిమంతుడై ఉండాలి. వాడు పడే తీరును బట్టి గెలిచినవాడి బలం ఎంతో జనానికి తెలుస్తుంది. అందుకే ఆయన ఆరాధ్యదైవం ఏ ఛాంపియనూ కాదు. పాత రోజుల్లో ప్రతివాడి చేతిలోనూ ఓడిపోయిన ఒక లావుపాటి వస్తాదు. బావ ఆయనకి 'పరుపు' అని ముద్దుపేరు పెట్టాడు. పరుపుగారు జీవితంలో ఒక్క కుస్తీ గెలవలేదు. కానీ ఆయన్ని ఓడించినవాళ్లంతా పెద్దవాళ్లైపోయారు.

పరుపుగారు పడే తీరు మాటలతో చెబితే అర్థం కాదని బావకి అనుమానం. అందుచేత చేసి చూపిస్తాడు. మా అక్క వాళ్లింట్లో సోఫాకి ఒక కాలు లేకపోవడానికి కారణం అదే. ఒకసారి నా షాపు ముందు తడి గచ్చు మీద బ్యాంకు మేనేజరు జారి పడ్డాడు. నేను కౌంటరు దాటి పరిగెత్తేలోపు బావ అక్కడున్నాడు. చెయ్యి అందించడానికి కాదు.

"మోచెయ్యి కాదు సార్, భుజం ముందు ఆనాలి. గడ్డం ఛాతీకి అంటుకోవాలి. మీరు పడటంలో తొందరపడ్డారు," అన్నాడు విచారంగా.

పళ్ల డాక్టర్ల సంఘం వాళ్లు ఒక ఏడు సభకి పిలిచి చిగుళ్ల గురించి మాట్లాడమన్నారు. బావ చిగుళ్లతోనే మొదలుపెట్టాడు. పన్నుకి చిగురు ఎలా ఆధారమో, గెలిచే వస్తాదుకి ఓడే వస్తాదు అలా ఆధారం అన్నాడు. సభ ఆ ఉపమానానికి మురిసి చప్పట్లు కొట్టింది. అది ఉపమానం కాదనీ, ఉపన్యాసమే అదనీ సభకి తెలిసేసరికి భోజనాలు చల్లారిపోయాయి.

ఇలా మా జీవితాలు సాగుతుండగా, బావ క్లినిక్కుకి సరిగ్గా ఎదురుగా ఇంకో పళ్ల క్లినిక్కు వెలిసింది.

పెట్టింది ఒక అమ్మాయి. వీధిలో అందరూ డాక్టరమ్మ అనేవాళ్లు. నెమ్మదస్తురాలు. బోర్డు మీద అక్షరాలు తనే రాసుకుంది. గుమ్మం దగ్గర రెండు పూలకుండీలు పెట్టింది. లోపల కొత్త కుర్చీలు, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు. ఆ కవర్లు తీసే అవసరమే రాలేదు. మా ఊరి జనం ఓటైనా కొత్తవాళ్లకి వేస్తారు గానీ పన్ను అప్పగించరు. డాక్టరమ్మ పొద్దున్నే వచ్చి కుర్చీలన్నీ తుడిచేది. తర్వాత ఒక కుర్చీలో తనే కూర్చునేది. కాసేపటికి లేచి పక్క కుర్చీలో కూర్చునేది. ఏ కుర్చీకీ అన్యాయం జరగకూడదని కాబోలు.

ఒకరోజు ఆమె తలనొప్పి మాత్రకి నా షాపుకి వచ్చింది. మాటల్లో మాటగా, వానలు మొదలయ్యేదాకా చూస్తాననీ, అప్పటికీ ఇంతే ఉంటే మూసేసి పక్క పట్నంలో పెద్దాసుపత్రిలో చేరిపోతాననీ చెప్పింది. మంచి ఉద్యోగమే కదా అన్నాను.

"మంచిదేనండీ. కానీ అక్కడ పన్ను చూసేవాళ్లు వేరు, పీకేవాళ్లు వేరు, కట్టేవాళ్లు వేరు. నా వంతుకి రోజంతా కింది దవడే వస్తుంది. నాకు మనిషి మొత్తం కావాలి," అంది నవ్వుతూ. నవ్వు బాగానే ఉంది గానీ, మాత్రకోసమని వచ్చిన తలనొప్పి ఎక్కడిదో నాకు అర్థమైంది.

మధ్యాహ్నం భోజనానికి అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పాను. బావ తింటూనే ఒక్క ప్రశ్న వేశాడు. ఆవిడ చెయ్యి ఎలాంటిదని. డాక్టరమ్మ ఇంటికి పాలు పోసే ఆవిడకి పన్ను తీసిందనీ, తీసిన సంగతి ఆమెకి ఇంటికెళ్లి అద్దంలో చూసుకుంటే గానీ తెలియలేదనీ చెప్పాను. బావ ఊ అన్నాడు. ఇంకొంచెం వడ్డించమన్నాడు. కుస్తీ ఊసు లేకుండా ఆయన భోజనం ముగించడం నాకు తెలిసి అదే మొదటిసారి.

మర్నాడు యుద్ధం మొదలైంది.

బావ తన క్లినిక్కు మెట్ల మీద నిలబడి, లోపల కూర్చున్న రోగులకీ బయట నడిచే జనానికీ సమానంగా వినబడేటట్టు గొంతు పెంచాడు. ఎదురుగా జరిగేది వైద్యమేనా అని అడిగాడు. నొప్పి తెలియకుండా పన్ను తీస్తుందట. నొప్పి తెలియకపోతే పన్ను పోయిందని మనిషికి ఎలా తెలియాలి? నిన్న ఎవరో ఆవిడ కుర్చీలో నిద్రపోయారట. అది క్లినిక్కా, సత్రమా? చెప్పిన టైముకే లోపలికి పిలుస్తుందట. రోగి అన్నాక కాస్త కూర్చుని, భయపడి, ధైర్యం తెచ్చుకునే వ్యవధి ఇవ్వద్దూ?

ఆ వేళ లోపల రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. బావకి పాత రోగి. స్వర్ణయుగం ఆయనకి బట్టీ వచ్చు.

"అన్నిటికంటే ఘోరం ఏమిటంటే మాస్టారూ, పని చేస్తున్నంతసేపూ ఆవిడ ఒక్క మాట మాట్లాడదట," అన్నాడు బావ.

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఒక్క మాట కూడానా?"

"ఒక్కటంటే ఒక్కటి. కుస్తీ అంటే ఏమిటో కూడా తెలియదేమో."

మాస్టారు గొడుగు తీసుకుని, ఇప్పుడే వస్తానని లేచారు. నేను కౌంటరు దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. ఆయన వీధికి అటూ ఇటూ చూసి, గొడుగుతో మొహం దాచుకుని, గబగబా ఎదురు వైపుకి దాటారు.

వారం తిరిగేసరికి ఇంట్లో పరిస్థితి విషమించింది. మా అక్క బావతో మాట్లాడటం మానేసింది. కుస్తీలో పోటీ లేదని జన్మంతా ఏడ్చిన మనిషి, సొంత వీధిలో పోటీ వస్తే ఒక ఆడపిల్లని ఇలా రచ్చకీడుస్తాడా అని నాతో అంది. బావ వినేటట్టే అంది. బావ పత్రిక తిరగేసుకున్నాడు. ఆయన చదువుతున్నది తలకిందులుగా ఉన్న పేజీ.

కుటుంబం తరఫున క్షమాపణ చెప్పుకోవడానికి నన్ను పంపింది అక్క. నేను వెళ్లేసరికి డాక్టరమ్మకి తీరిక లేదు. ముగ్గురున్నారు లోపల. నేను ఒక కుర్చీలో కూర్చున్నాను. ప్లాస్టిక్ కవరు లేదు దానికి. ఇంత చిన్న సంగతి కళ్లముందు పెట్టుకుని కూడా నాకు ఏమీ స్ఫురించలేదు. నేను మందుల మీద పేర్లు చదవడంలో మాత్రమే నేర్పరిని. ఆమె బయటికి వచ్చి నా క్షమాపణ మొత్తం వింది. ఆమె మొహం ఎర్రగా ఉంది. రేపు తనే వచ్చి మాట్లాడతానంది.

అన్న మాట ప్రకారం వచ్చింది. బావ క్లినిక్కు ముందు గది నిండుగా ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను, ఏదైనా అయితే అడ్డం పడదామని. పడటం నాకూ రాదనే సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"డాక్టరుగారూ, మీరు నా గురించి అంటున్నవన్నీ విన్నాను," అంది.

బావ ఆమెని వారగా గోడ దగ్గరికి తీసుకెళ్లి గొంతు బాగా తగ్గించాడు. నాకు దగ్గర కాబట్టి వినబడింది.

"విన్నారు సరే. మరి జవాబు చెప్పరేం తల్లీ?"

"జవాబా?"

"వారం నుంచి నేనొక్కణ్ణే అరుస్తున్నాను. అవతలివాళ్లు తిరిగి అనకపోతే అది పోటీ ఎలా అవుతుంది? జనం రెండు రోజులు విని, ముసలాడికి మతిపోయిందని ఎవరి దారిన వాళ్లు పోతారు. మీరు గట్టిగా ఒకటి తగిలించండి. నేను చూసుకుంటాను."

డాక్టరమ్మ ఈ వారం తన క్లినిక్కుకి వచ్చినవాళ్ల లెక్క మనసులో సరిచూసుకున్నట్టు తల పంకించింది. అప్పుడు గదిలో కూర్చున్నవాళ్ల వైపు తిరిగి, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అంది.

"ఈయన దగ్గర పన్ను తీయడానికి మత్తు సూది అక్కర్లేదండీ. కుస్తీ కబుర్లు మొదలుపెడితే మనిషి తనంతట తనే మొద్దుబారిపోతాడు."

గది ఒక్కసారిగా ఘొల్లుమంది. బావ గుండె మీద చెయ్యి వేసుకుని, ఒక అడుగు వెనక్కి తూలి, గోడకి జారి, స్టూలు మీద కూలబడ్డాడు. భుజం ముందు ఆనింది. గడ్డం ఛాతీకి అంటుకుంది. నేను నీళ్లు తీసుకెళితే, గ్లాసు చాటు నుంచి నా చెవిలో, "దెబ్బ కాస్త తొందరగా వేసింది గానీ, మంచి చెయ్యేరా," అన్నాడు.

అప్పటినుంచి మా వీధికి కళ వచ్చింది. పొద్దున మెట్ల మీంచి బావ ఒకటి అనేవాడు, అవతలి మెట్ల మీంచి ఆమె ఒకటి అనేది. కూరగాయలకి వెళ్లేవాళ్లు ఆ వేళకి సరిచూసుకుని బయల్దేరేవాళ్లు. డాక్టరమ్మ దగ్గరికి జనం వస్తున్నారు. అయితే వచ్చినవాళ్లంతా పళ్లు శుభ్రం చేయించుకోవడానికో, పుచ్చు పూడ్పించుకోవడానికో వచ్చేవాళ్లు. పీకించుకోవాల్సిన పన్ను మాత్రం బుగ్గ పట్టుకుని మళ్లీ బావ దగ్గరికే వచ్చేది. మబ్బులు కమ్ముతున్నాయి. పెద్దాసుపత్రి వాళ్లు జవాబు అడుగుతున్నారని డాక్టరమ్మ నాతో అంది. నేను ఎప్పటిలాగే ఆ మాట భోజనం దగ్గర చేరవేశాను. బావ ఎప్పటిలాగే ఊ అన్నాడు.

అది సంత రోజు. పట్టపగలు. వీధి నిండా జనం. బావ క్లినిక్కులోంచి మూలుగు వినబడింది. అక్కడ మూలుగు కొత్త కాదు గానీ, అది డాక్టరు గొంతు కావడం కొత్త. బావ బుగ్గ పట్టుకుని మెట్ల మీదికి వచ్చాడు. వెనకే ఆయన రోగులంతా తమ నొప్పులు మరిచిపోయి వచ్చారు. జ్ఞానదంతమట. రాత్రంతా నిద్ర లేదట. నేను మాత్ర పట్టుకెళితే తోసేశాడు. స్టేషను దగ్గర ఇంకో డాక్టరున్నాడని లెక్కల మాస్టారు గుర్తుచేశారు.

"అంత దూరం నడవలేను మాస్టారూ. నా పన్ను నేను పీక్కోలేను. పరువు కోసం చూసుకుంటే ప్రాణం పోయేట్టుంది," అని బావ వీధిలోకి దిగాడు.

ఆ వీధి దాటడానికి మామూలు మనిషికి అర నిమిషం పడుతుంది. బావ దాటుతుంటే సంత ఆగింది. సగం దారిలో మోకాలు కుంగింది. రిక్షా దిగి ఒకాయన చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు రెండో చెయ్యి పట్టుకున్నారు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. పూలకుండీల మధ్య బావ ఆగి, వెనక్కి తిరిగి, ఊరి మొత్తానికి వినబడేలా, ఇన్నాళ్లూ తను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి లోపలికి వెళ్లాడు. జనం కిటికీలకి అంటుకుపోయారు.

కాసేపటికి బావ పన్నుని దూదిలో పెట్టుకుని, దీపం పట్టుకున్నట్టు పట్టుకుని బయటికి వచ్చాడు. నోట్లో దూది ఉండటం వల్ల ఆయన ప్రకటన, "యెయియనే యేయు," అని వెలువడింది. తెలియనే లేదు అంటున్నారని నేను ప్రజలకి అనువదించాను. ఆ సాయంత్రమే ముగ్గురు బుగ్గలు పట్టుకుని ఆ మెట్లెక్కారు. వానలు వచ్చాయి. పెద్దాసుపత్రి వాళ్లకి రానని జవాబు వెళ్లింది. కింది దవడకి వాళ్లు వేరే మనిషిని చూసుకున్నారు.

తర్వాతెప్పుడో డాక్టరమ్మ నా షాపులో దూది కొంటూ ఆగిపోయింది.

"ఆ పన్నుకి పెద్ద జబ్బేమీ లేదండీ. కాస్త వంకరగా ఉంది, అంతే. ఇంకో పదేళ్లు హాయిగా ఉండేది. నేను పీకనన్నాను. 'ఎప్పటికైనా పోయేదే కదమ్మా, బయట జనం నిలబడి ఉన్నారు, కానివ్వు,' అన్నారు. ఒక్కటే షరతు పెట్టారు. నొప్పి పుడితే నిజంగానే అరుస్తానని."

"అరిచాడా?"

"లేదు," అంది. ఆ ఒక్క మాటలో ఆమె గర్వం ఆమెకి తెలియకుండానే బయటపడింది.

ఈ మాట నేను అక్కకి చెప్పాను. అక్క వంటింట్లోకి వెళ్లి, బావకి నమలక్కర్లేని భోజనం మెత్తగా కలిపి తెచ్చి ముందు పెట్టింది. పన్ను పోయి అప్పటికి నెల దాటిందనీ, ఆయన ఇప్పుడు రాళ్లు కూడా నమలగలడనీ ఎవరూ అనలేదు. బావ కంచం ఖాళీ చేశాడు. ఉండబట్టలేక నేను అడిగేశాను, అంతా కావాలని చేశావా బావా అని.

"నీకు మతిపోయిందా? పోటీ లేకపోతే నా చెయ్యి మొద్దుబారుతుంది. నా స్వార్థం నాది," అని కసిరి, టీవీ పెట్టి, కుస్తీ ఎంత దిగజారిపోయిందో మొదట్నుంచీ చెప్పాడు. అక్క కూర్చుని మొత్తం వింది. మధ్యలో ఒకసారి, ఆ పడ్డవాడు ఫరవాలేదే అని కూడా అంది.

ఇప్పుడు బావ క్లినిక్కులో రోగులు సగానికి సగం తగ్గారు. మనిషి మాత్రం హుషారుగా ఉన్నాడు. మొన్న పొద్దున డాక్టరమ్మ మెట్ల మీంచి ఏదో అంది. బావకి జవాబు తోచలేదు. నేరుగా నా కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్, మధ్యాహ్నంలోపు మంచి తిట్టు ఒకటి కావాలి. గట్టిదై ఉండాలి. ఆవిడకి పనికొచ్చేదై ఉండాలి."

నేను ఆలోచించి, పసిపిల్లల పళ్లు చూసేటప్పుడు ఆవిడ పాట పాడుతుందట అని చెప్పాను.

"పాటా?" అన్నాడు బావ, మొహం వెలిగిపోతూ. "డాక్టరై ఉండి పాటా?" అని ఆ తిట్టుని రెండు మూడు రకాలుగా పలికి చూసుకుంటూ మెట్లవైపు నడిచాడు. నేను ఎవరికో మాత్రలు పొట్లం కట్టి తలెత్తేసరికి, ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని వీధి దాటుతోంది.